ఎల్‌కేజీ బాబుతో ఇంట్లో ఆటలు: పెద్దవాళ్లం ఎంతవరకు కలగజేసుకోవాలి?

ఋషికొండ గాలి | 6 జూలై, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మేము మధురవాడలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటాము. మా బాబుకు మార్చిలో నాలుగేళ్లు నిండాయి, జూన్ నుంచి ఎల్‌కేజీకి వెళుతున్నాడు. బడివాళ్లు రోజూ రెండు పేజీల రాతపని ఇస్తున్నారు. అది పూర్తయ్యేసరికి వాడు ఏడుస్తాడు, నేను అరుస్తాను. మా మామయ్యగారు మాతోనే ఉంటారు. పలక పట్టించకుండా చదువెలా వస్తుందన్నది వారి ప్రశ్న. ఆడుతూ నేర్చుకుంటాడని నేను వాదిస్తాను కాని, తీరా వాడితో ఆటకు కూర్చున్నాక నేను ఏం చేయాలో నాకే తెలియడం లేదు.

మొన్న ఆదివారం ఆర్కే బీచ్‌కు వెళ్లాము. వాడు తడి ఇసుకలో గుంట తవ్వుతుంటే, సమయం వృథా కాకూడదన్న ఆత్రంతో పక్కన కూర్చుని, ఇది ఏ ఆకారం, ఎన్ని గవ్వలు ఏరావు, ఇందులో పెద్దది ఏది, ఇంగ్లీషులో ఏమంటారు అని వరసగా అడిగాను. నాలుగో ప్రశ్నకు వాడు గవ్వలన్నీ గుంటలో పోసి, పైన ఇసుక కప్పి, రెండు చేతులూ దులుపుకుని "ఇంక లేవు" అన్నాడు. అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. ఆఫీసు నుంచి నేను ఇంటికి చేరేసరికి ఆరున్నర అవుతుంది, వాడు తొమ్మిదికి పడుకుంటాడు. ఉన్న ఆ కాస్త సమయంలో ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో, అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

మాటలపుట్ట | 6 జూలై, రాత్రి 10:35

మాటలు ఆలస్యమైన పిల్లలతో పనిచేయడం నా వృత్తి కాబట్టి, మీ బాబు అన్న ఆ చివరి మాట దగ్గరే మొదలుపెడతాను. అది మొండితనం కాదు. ఆట కాస్తా పరీక్షగా మారిందని గ్రహించి వాడు ప్రశ్నపత్రాన్నే పాతిపెట్టేశాడు. గుంట గుండ్రంగా ఉందని మీకు తెలుసు, మీకు తెలుసన్న సంగతి వాడికీ తెలుసు. అలాంటప్పుడు మళ్లీ చెప్పడం ఎందుకన్నది వాడి లెక్క, అందులో తప్పేమీ లేదు.

మా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులకు నేను మొదట చెప్పేది, అడగడం తగ్గించి కంటికి కనిపిస్తున్నదాన్ని పైకి అనమని. వాడు తవ్వుతుంటే "అడుగున ఇసుక చల్లగా ఉందే" అని ఒక్క వాక్యం అని ఊరుకోండి, ఆ తరువాత మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. ఈ పది అంకెల మౌనమే పెద్దవాళ్లకు అన్నిటికన్నా కష్టమైన పని. నాకు కూడా చాలాకాలం చేతకాలేదు. వాడు "నీళ్లు వచ్చాయి" అంటాడనుకుందాం. మీరు దాన్నే కాస్త పెంచి "అవును, కింద నుంచి నీళ్లు ఊరుతున్నాయి" అంటే, ఊరడం అన్న మాట వాడికి ఆ తడిచేతితో సహా అందుతుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పిల్లల వికాసంపై పనిచేసే కేంద్రం వారు ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని టెన్నిస్ ఆటలో సర్వీసు, రిటర్న్‌లతో పోలుస్తారు. సర్వీసు పిల్లవాడిది, తిరిగి కొట్టవలసింది మనం. మన ఇళ్లలో సర్వీసు కూడా మనమే చేసి, బంతి తిరిగి రాలేదని బాధపడుతుంటాము.

ఇంగ్లీషు సంగతి. 2020 జాతీయ విద్యా విధానం, వీలైన చోటల్లా కనీసం అయిదో తరగతి వరకు ఇంటి భాషలోనో మాతృభాషలోనో బోధన సాగాలని చెప్పింది. బడులు ఏం చేస్తున్నాయన్నది వేరే కథ గాని, బీచ్‌లో మీ ఇద్దరి మధ్యకు ఇంగ్లీషును లాక్కురావలసిన అవసరం మాత్రం లేదు.

ఉక్కునగరం తాతయ్య | 7 జూలై, ఉదయం 6:15

అమ్మా, ఇద్దరు మనవలను పగలంతా చూసుకునేవాడిగా మీ మామయ్యగారి పక్షాన నాలుగు మాటలు చెప్పనివ్వండి. మాటలపుట్ట గారి సలహా వినడానికి హాయిగా ఉంది, కాదనను. అయితే ఆట పేరు చెప్పి అక్షరాలను వాయిదా వేయడం నాకు నచ్చదు. పక్క పిల్లలందరూ గడగడా చదువుతుంటే మనవాడు ఒకటో తరగతిలో బిక్కమొహం వేసుకుని కూర్చుంటే వాడి మనసు చిన్నబోదా? మన లిపిలో తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు ఉన్నాయి. గవ్వలు ఏరినంత మాత్రాన అవి రావు. మేమంతా దిద్ది దిద్ది నేర్చుకున్నవాళ్లమే, మాలో ఎవరూ చెడిపోలేదు.

చింతపిక్క | 7 జూలై, మధ్యాహ్నం 2:20

తాతయ్యగారికి నమస్కారం. నేను జాలరిపేటల పక్కన పంతొమ్మిదేళ్లుగా అంగన్‌వాడీ కార్యకర్తగా ఉన్నాను. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, మొదలైనప్పుడే పౌష్టికాహారం, టీకాలతో పాటు బడికి ముందు విద్య కూడా అందులో ఒక సేవగా ఉంది, అయినా మమ్మల్ని గుడ్లూ పాలూ పంచేవాళ్లుగా మాత్రమే చూస్తారు. "మీ దగ్గర రాయించరు కదా" అని పిల్లలను మూడేళ్లకే ప్రైవేటు బడిలో వేసిన తల్లులు మా వీధిలోనే బోలెడుమంది.

రాయించకపోవడానికి కారణం ఉంది. నాలుగేళ్ల పిల్లల మణికట్టులోని చిన్న చిన్న ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు, వేళ్లకు పట్టు కుదరదు. ఆ చేతికి పెన్సిలిచ్చి రెండు పేజీలు నింపమంటే వాడు పిడికిలి బిగించి భుజంతో రాస్తాడు, మూడో వరసకే అలిసిపోతాడు. అదే చేతికి పచ్చి బఠాణీలు ఒలవమనండి, చిక్కుడుకాయల ఈనెలు తీయమనండి, చపాతీ పిండిలో చిన్న ముద్ద ఇచ్చి పాములు, పీతలు చేయమనండి, ఉతికిన బట్టలకు క్లిప్పులు పెట్టమనండి. రేపు పెన్సిలు పట్టుకోవలసిన వేళ్లు ఇవాళ ఈ పనుల్లోనే తయారవుతాయి. అక్షరాలు వద్దని నేను అనడం లేదు, చేతి కన్నా ముందు కంటికీ చెవికీ వాటిని అలవాటు చేయమంటున్నాను.

ఇంకొక సంగతి చెప్పాలి. ఒకసారి అట్టముక్కలతో చేసిన చేపబొమ్మలు పిల్లల ముందు పోసి, రకాలుగా వేరు చేయమన్నాను. పెద్దవన్నీ ఒకపక్క, చిన్నవన్నీ ఒకపక్క పెడతారని నా ఊహ. ఒక అయిదేళ్ల పాప వంజరం, చందువ అని తాను అనుకున్నవాటిని ఒక కుప్పగా, కానగంతలను ఇంకొక కుప్పగా పెట్టింది. మొదటి కుప్పలో పెద్దవీ ఉన్నాయి, చిన్నవీ ఉన్నాయి. తప్పు చెప్పబోయి, ఎందుకో ఆగి, ఇవేమిటమ్మా అని అడిగాను. "ఇవి అమ్మేవి, ఇవి ఇంటికి" అంది. నేను వెంటనే సరిదిద్ది ఉంటే, వాళ్లమ్మ హార్బరులో తెల్లవారుజామున చేసే లెక్కంతా ఆ పాప తలలో ఉందని నాకు ఏనాటికీ తెలిసేది కాదు.

రాత్రిడ్యూటీ నాన్న | 7 జూలై, సాయంత్రం 4:05

ఋషికొండ గాలి గారికి దొరికే రెండున్నర గంటలు కూడా నాకు దొరకవు కాబట్టి, ఆటకు వేరే సమయం కేటాయించే ఆలోచన నేను ఎప్పుడో వదులుకున్నాను. డ్యూటీ దిగి వచ్చి ఆదివారం మా అమ్మాయిని ఎంవీపీ కాలనీ రైతుబజారుకు తీసుకువెళతాను. సంచి తనదే. టమాటాలు తనే ఏరుతుంది, మెత్తవి పక్కన పెట్టడం రెండు వారాల్లో నేర్చుకుంది. ఇంటికి వచ్చాక అవే కూరలను నేల మీద పరిచి మాకే మళ్లీ అమ్ముతుంది, బేరమాడితే ఊరుకోదు. ఆరేసిన బట్టలు తెచ్చాక మేజోళ్ల జతలు కలపడం కూడా తన ఉద్యోగమే. మా ఇంట్లో బొమ్మలు పెద్దగా లేవు, ఏటికొప్పాక లక్కబొంగరం ఒకటి, గరిటెలు, ఖాళీ డబ్బాలు, అంతే.

వామనగుంట | 7 జూలై, రాత్రి 8:45

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో గణిత బోధన చెప్పేవాడిని. తాతయ్యగారి సందేహాన్ని కొట్టిపారేయకూడదని నా అభిప్రాయం. అందులో సగం నిజం ఉంది, అది ఏ సగమో చూపడానికి ప్రయత్నిస్తాను.

ఢిల్లీలోని 214 బాలబడుల్లో 1,500 మందికి పైగా పిల్లలతో జరిపిన ఒక పరిశోధన 2017లో సైన్స్ పత్రికలో వచ్చింది. మోయిరా డిల్లన్, ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు దానిని నిర్వహించారు. చుక్కల గుంపుల్లో ఏది ఎక్కువ, ఆకారాల్లో ఏది భిన్నం వంటి ఆటలను పిల్లలు కొన్ని నెలలు ఆడారు. ఆ ఆటల వల్ల పరిమాణాలను, ఆకారాలను పోల్చి చూసే శక్తి పెరిగింది, ఏడాది దాటినా నిలిచింది. ఒకటో తరగతిలో నేర్పే అంకెలు, కూడికల్లో మాత్రం ఆ పిల్లలు మిగిలినవారి కన్నా ముందుకు వెళ్లలేదు. అంటే ఆట దానంతట అదే గుర్తుల దాకా, అంటే అంకెల దాకా, అక్షరాల దాకా, తీసుకువెళ్లదు. తాతయ్యగారు చెప్పినది ఆ మేరకు సరే.

అయితే గుర్తును ఆటలోనే పెడితే ఏమవుతుంది? అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో ప్రచురించిన ప్రయోగం దీనికి జవాబు. ఒకే వరసలో పది గళ్లు, వాటిలో 1 నుంచి 10 దాకా అంకెలు. పేద కుటుంబాల బాలబడి పిల్లలు రెండు వారాల వ్యవధిలో నాలుగుసార్లు, విడతకు పావుగంట చొప్పున ఆ ఆట ఆడారు. మొత్తం మీద గంటసేపు. అంకెల విలువపై వారి అవగాహన స్పష్టంగా మెరుగుపడింది. అంకెలకు బదులు రంగులు వేసిన గళ్ల మీద అదే ఆట ఆడిన పిల్లలకు ఆ లాభం రాలేదు. గళ్లను గుండ్రంగా అమర్చినప్పటి కన్నా తిన్నటి వరసలో ఉన్నప్పుడే ఎక్కువ మేలు జరిగిందని వారే తరువాత చూపించారు.

ఇప్పుడు మన వైకుంఠపాళికి వద్దాం. పిల్లవాడి కాయ 23 మీద ఉంది, పందెం మూడు పడింది. మనలో నూటికి తొంభైమందిమి కాయను "ఒకటి, రెండు, మూడు" అంటూ జరుపుతాము. అలా కాకుండా "24, 25, 26" అని, గడిలో ఉన్న అంకెనే చదువుతూ జరపాలి. చూడటానికి ఇది చిన్న తేడాయే కాని, అంకెలను నేర్పేది కూడా అదే. ఎలిడా లాస్కీ, సీగ్లర్ 2014లో వంద గళ్ల ఆటతో దీనిని పరీక్షించి, ఉన్న అంకె నుంచి ముందుకు లెక్కించిన పిల్లలకే మేలు జరిగిందని చూపించారు. ఇందులో తెలుగు పిల్లలకు ఒక సుళువు ఉంది. పదకొండు నుంచి పంతొమ్మిది దాకా పేర్లు కాస్త తికమక పెడతాయి గాని, ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు అని దారి తిన్నగా సాగిపోతుంది. హిందీలో తొంభై తొమ్మిది దాకా ప్రతి అంకె పేరునూ దాదాపు విడిగా గుర్తు పెట్టుకోవలసిందే.

నాలుగేళ్లవాడికి వంద గళ్లు ఎక్కువ, పైగా ఆ పటంలో వరసలు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు మెలికలు తిరుగుతాయి. ముందు గచ్చు మీద సుద్దముక్కతో పది గళ్ల పట్టీ గీయండి. పాచికకు బదులు రెండు చింతపిక్కలు ఒక పక్క అరగదీసి వేస్తే చాలు.

ఉక్కునగరం తాతయ్య | 8 జూలై, ఉదయం 6:05

సగం నిజం ఉందన్నందుకు సంతోషం. మిగతా సగం గురించి ఒక సంఘటన గుర్తొచ్చింది. నిన్న మధ్యాహ్నం మనవలిద్దరికీ ఒకే చెంబుతో కొలిచి మజ్జిగ పోశాను. ఏడేళ్లవాడికి పొడుగు గ్లాసు, నాలుగేళ్లవాడికి వెడల్పాటి గిన్నె. చిన్నవాడు అన్నయ్యకే ఎక్కువ పోశానని గోల. వాడి ముందే గ్లాసులోది ఇంకొక గిన్నెలోకి వంచి సమానమని చూపించాను. ఒప్పుకున్నాడు. మళ్లీ గ్లాసులో పోయగానే మళ్లీ ఎక్కువైందన్నాడు! పెద్దవాడు పకపకా నవ్వాడు. నేను పావుగంట వివరించి ఓడిపోయాను. దీనికి మీ శాస్త్రం ఏమంటుంది?

వామనగుంట | 8 జూలై, ఉదయం 9:30

మీరు తెలియకుండానే పియాజే ప్రయోగం చేశారు తాతయ్యగారూ. స్విట్జర్లాండుకు చెందిన ఆ మనస్తత్వవేత్త సరిగ్గా ఇలాగే పొడుగు గ్లాసులు, వెడల్పాటి గ్లాసులు పిల్లల ముందు పెట్టాడు. ఆ వయసు పిల్లలు ఎత్తును చూస్తారు, వెడల్పును లెక్కలోకి తీసుకోరు. ఆరేడు ఏళ్లకు ఆ రెండూ కలిపి చూడటం వస్తుంది, మీ పెద్దవాడు నవ్వింది అందుకే. వివరించి ప్రయోజనం లేదు. స్నానాల గదిలో రెండు చెంబులు, ఒక సీసా, ఒక గరాటు వాడికి వదిలేయండి, పోసుకుంటూ ఉండనివ్వండి. మజ్జిగ మాత్రం ఇద్దరికీ ఒకే రకం గ్లాసుల్లో పోయండి, ఇంట్లో శాంతి ముఖ్యం.

పెదవాల్తేరు పిన్ని | 8 జూలై, ఉదయం 11:10

అక్షరాల పాటలు, అంకెల వీడియోలు ఫోనులో చూపిస్తే మా అక్క కూతురు బాగానే పలుకుతోంది. వర్షాకాలంలో సెల్లారులో కూడా నీళ్లు నిలుస్తాయి, పిల్లలు ఎక్కడ ఆడతారు? అదీ ఆటే కదా?

మాటలపుట్ట | 8 జూలై, మధ్యాహ్నం 1:40

పిన్నిగారూ, ఫోను పాట పాడుతుంది గాని, పాప ఏమన్నా దానికి వినపడదు. పది అంకెల మౌనం గురించి నేను రాసింది అందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలు తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. రోజు మొత్తం మీద మూడు గంటలు ఒళ్లు కదలాలి, అందులో గంటసేపు ఆయాసం వచ్చేలా పరుగులు పెట్టాలి. వాన పడితే మంచం మీద నుంచి దిండ్ల మీదకు దూకనివ్వండి. కాళ్లాగజ్జా, చెమ్మచెక్క, దాగుడుమూతలకు మూడు గదులు చాలు. ఆ పాటనే మీరు ఆమె ఎదురుగా కూర్చుని పాడి, ఒక మాట దగ్గర ఆగి చూడండి, మిగతాది ఆమె అందుకుంటుంది.

ఋషికొండ గాలి | 20 జూలై, రాత్రి 10:15

రెండు వారాలు ఇక్కడికి రాలేకపోయాను, క్షమించాలి. మొదటి వారం నేను ప్రశ్నలు మానేయడంతోనే సరిపోయింది. మూడో రోజున బాబు స్వయంగా నన్ను ఆటకు పిలిచాడు. ప్లాస్టిక్ స్టూళ్లు నాలుగు వరసగా పెట్టి సిటీ బస్సు చేశాడు. వాడు కండక్టరు, నేనూ మామయ్యగారూ ప్రయాణికులం. "జగదాంబ, జగదాంబ" అని అరుస్తూ, పాత కరెంటు బిల్లులు చించి టికెట్లు ఇచ్చాడు. టికెట్టు మీద పెన్సిలుతో ఏవో మెలికలు తిప్పి, "ఇది గాజువాకకు" అన్నాడు. బడి పుస్తకంలో అరపేజీకే చేయి నొప్పి అనేవాడు, ఆ రోజు ఇరవైకి పైగా టికెట్లు రాశాడు.

వామనగుంట గారి మాట గుర్తొచ్చి, ఆటలో గుర్తును పెట్టవచ్చు కదా అని, రెండో రోజు నా టికెట్టు మీద నేనే "మ" రాసుకుని, మధురవాడ దాకా వెళ్లాలి అన్నాను. వాడు దాన్ని కాసేపు చూశాడు. ఆ తరువాత ప్రతి టికెట్టుకూ ఏ ఊరికి ఏ అక్షరం అని వాడే అడగడం మొదలుపెట్టాడు. జ, గ, మ, భీమిలికి భ. అంతా సవ్యంగా సాగుతుండగా మామయ్యగారు గాజువాక టికెట్టు చూసి, "గకు తలకట్టు ఏదిరా, మళ్లీ రాయి, పది సార్లు రాయి" అన్నారు. బాబు టికెట్లన్నీ జేబులో కుక్కుకుని, "బస్సు డిపోకి వెళ్లిపోయింది" అని స్టూళ్లు ఒకదానిలో ఒకటి పెట్టేశాడు. నాలుగు రోజులుగా బస్సు నడవడం లేదు. మామయ్యగారు కూడా లోపల బాధపడుతున్నారు, పైకి అనరు. ఏం చేయమంటారు?

ఉక్కునగరం తాతయ్య | 21 జూలై, ఉదయం 5:50

ఆ పొరపాటు నేనైనా చేసేవాడినే, ఆయనను ఏమీ అనకండి. తలకట్టు లేని గ కనబడితే మా తరం చేయి ఊరుకోదు.

చింతపిక్క | 21 జూలై, మధ్యాహ్నం 2:45

బస్సును మీరు తీయకండి, అది వాడి బస్సు. మీ మామయ్యగారిని సంచి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి, గాజువాక బస్సు ఎప్పుడొస్తుందని ఎవరినో అడుగుతున్నట్టు అడగమనండి. తలకట్టు విషయం వేరే చోట చూసుకోవచ్చు: దుకాణాల బోర్డుల మీద, బస్సుల ముందు రాసిన పేర్ల మీద, ముగ్గు వేసేటప్పుడు మీ చేతిలో. ఆయన తన టికెట్టు తానే రాసుకుంటే, అందులో తలకట్టు ఎలాగూ ఉంటుంది కదా. వాడు చూస్తాడు. ఇవాళే చూడకపోవచ్చు.

వామనగుంట | 21 జూలై, రాత్రి 9:00

ఒక్క చేర్పు. వైగోట్‌స్కీ అనే రష్యన్ మనస్తత్వవేత్త 1933లో చేసిన ఒక ఉపన్యాసంలో, ఆటలో ఉన్న పిల్లవాడు తన మామూలు ప్రవర్తన కన్నా ఒక తల ఎత్తున ఉంటాడని అన్నాడు. కర్రను గుర్రం అనుకోగలిగినవాడికే, ఒక గీత ఒక శబ్దానికి బదులుగా నిలబడగలదన్న ఊహ అందుతుంది. మీ వాడు కరెంటు బిల్లును టికెట్టు అనుకున్నాడు, మెలికను గాజువాక అనుకున్నాడు. చదవడానికి కావలసిన పెద్ద అడుగు అక్కడే పడింది, తలకట్టు దాని తరువాతి సంగతి.

ఋషికొండ గాలి | 25 జూలై, రాత్రి 9:35

నిన్న సాయంత్రం మామయ్యగారు చొక్కా తొడుక్కుని, గొడుగు, సంచి పట్టుకుని హాలు గుమ్మం దగ్గర పది నిమిషాలు నిలబడ్డారు. బాబు లోపలి గదిలో నుంచి రెండుసార్లు తొంగి చూశాడు. మూడోసారి స్టూళ్లు లాక్కుంటూ వచ్చాడు. ఆయన తన టికెట్టు తానే రాసుకుంటానన్నారు, వాడు ఒప్పుకోలేదు, అది కండక్టరు పని అన్నాడు. గ రాశాడు, తలకట్టు లేదు. మామయ్యగారు దాన్ని కళ్లద్దాలు సర్దుకుని చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. నేను ఎక్కబోతే సీట్లు లేవని వెనక నిలబెట్టాడు. గాజువాక వచ్చినా ఆయన దిగలేదు, కూర్మన్నపాలెం దాకా వెళతానన్నారు. దానికి ఏ అక్షరమని వాడు అడిగితే, గాలిలో వేలితో క రాసి చూపించారు. దాని మీద తలకట్టును మాత్రం కాస్త నెమ్మదిగా గీశారు.